పడేటోన్ని పట్టుకోవచ్చునా?

ఆ పొద్దు మా ఆయప్ప, అదే మా ఇంటాయన, షాపుకు పోతా పోతా, ఒక కాలికి చెప్పు లేకుండానే వీధి మలుపు దాకా పోయినాడు. వాకిట్లో నుంచి నేను పిలిస్తి. కిందికి చూసుకొని, ఊడింది తెలీనేలేదే అన్నాడు. ఇద్దరమూ నవ్వుకుంటిమి. మాది డోన్. ఆయప్ప పేరు మద్దిలేటి, టైర్ల షాపు ఉండాది. సాయంత్రమైతే గరిడీకి పోయి మట్టినేల మీద పిల్లోళ్ళకు కర్రసాము నేర్పుతాడు. అంత గట్టి మనిషికి రోగమొస్తాదని ఎవురనుకుంటారు?

మరుసటి రోజుకు రెండు కాళ్ళూ తిమ్మిర్లు. ముందు వారం విరేచనాలై తగ్గినాయి, దానికీ దీనికీ లంకె ఉంటాదని మాకేం తెలుసు. సాము చేసేటోళ్ళకు ఒక పిచ్చి ఉండాది. ఒళ్ళు ఏం మొత్తుకున్నా, కసరత్తు చాల్లేదనే అనుకుంటారు. మా ఆయప్ప గూడా కాళ్ళు పట్టు తప్పినాయని గరిడీకి పోయి బస్కీలు తీసినాడు. కింద కూచున్నోడు మళ్ళీ లేయలేకపాయె. కారులో పండబెట్టి కర్నూలుకు తీసకపోతిమి.

నరాల డాక్టరు సుత్తితో మోకాలి మీద తట్టినాడు, కాలు కదల్లేదు. నర్వ్ కండక్షన్ టెస్ట్ చేసినారు, వెన్నులో సూది గుచ్చి సీఎస్ఎఫ్ అనే నీళ్ళు తీసినారు. "జీబీఎస్ అమ్మా ఇది. రోగాన్ని కొట్టాల్సిన శక్తి సొంత నరాల్నే కొడతా ఉంది. శానామంది కోలుకుంటారు, కానీ నిదానంగా" అని చెప్పినాడు డాక్టరు. ఐసీయూలో పెట్టి ఐవీఐజీ అనే మందు ఎక్కించినారు. ఊపిరి తగ్గితే వెంటిలేటర్ పెట్టల్ల అన్నారు. నేను బయట కుర్చీలో కూచోని మహానందీశ్వరునికి మొక్కుకుంటా ఉంటి. అంత భయం నా జన్మలో పడలేదు. దేవుని దయ, వెంటిలేటర్ దాకా పోలేదు.

వార్డులోకి మార్చినంక ఇంకో తంటా. వచ్చిన చుట్టాలంతా ఈ రోగమొచ్చి ఎవురెవురు మంచాన పడినారో ఏకరువు పెడతారు. ఆయప్ప గోడ వైపు తిరుక్కొని పలకడు. మా తమ్ముడు కడపలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాడు. ఏం తెమ్మంటావక్కా అంటే, మీ బావకు సాము తప్ప ఇంకోటి పట్టదు, దాని గురించే ఏమన్నా ఉంటే తే అంటి. యుద్ధవిద్యల తత్వం అని ఏందో రెండు పుస్తకాలు తెచ్చినాడు. ఆయప్ప చేతుల్లో పట్టు లేదు కాబట్టి నేనే చదివి వినిపియ్యల్ల.

నాకా, పెండ్లయినప్పట్నుంచీ ఆ కర్రలంటే గిట్టదు. ఇంటికొస్తే ఒళ్ళంతా మట్టి, ఉతికేది నేను. సరేలే అని మొదలుపెడితి. ఇదేందప్పా, కొట్లాట నేర్పే పుస్తకంలో కొట్లాటే లేదు! ఎదుటోనికి దండం పెట్టేది, ఊపిరి తీసేది, యట్ల నిలబడల్ల, యట్ల పడల్ల, అంతా ఇదే. కొత్తగా వచ్చినోనికి ముందు పడేదే నేర్పుతారంట. మీరూ అంతేనా అని అడిగితి. ఆయప్ప గోడ వైపు నుంచి ఇటు తిరిగి, "అంతే మరి, ఏమనుకుంటివి?" అన్నాడు. ఆ పొద్దు ఆయప్ప మాట్లాడిన మొదటి మంచి మాట అదే. ఇంక నేను ఊరుకుంటానా? పేజీకొక ప్రశ్న వేస్తి. కర్ర పట్టకముందు నేల ఎందుకు ముట్టుకుంటారు, కర్రను చూస్తారా, ఎదుటోని కండ్లు చూస్తారా? ఇన్నేండ్లు ఆ మనిషితో కాపురం చేసి, ఆ సంగతులేవీ నేను అడిగింది లేదు.

ఇంటికొచ్చినంక అసలు కష్టం మొదలాయె. ఫిజియోథెరపీ అమ్మాయి వాకర్ ఇచ్చి, పక్కన ఒకరు పట్టుకుంటేనే లేయల్ల అని చెప్పి పోయింది. ఆయప్ప వింటాడా? నేను వంటింట్లో ఉండంగా ఒంటిగా లేసి పడినాడు. ఉరికిపోయి చెయ్యి ఇస్తే తీసుకోడు. గరిడీలో పడినోనికి ఎవురూ చెయ్యి ఇయ్యగూడదు, వానంతట వాడే లేయల్ల, అది తనకు సాము నేర్పిన ఉస్తాద్ పెట్టిన కట్టడి అంటాడు. ఆ ఉస్తాద్ పోయి శానా కాలమాయె, ఆయన మాట మటుకు ఇంట్లో తిరుగుతాండాది. నాకు ఏడుపూ కోపమూ ఒకటేసారి వచ్చె. ఆ పడిందానికి ఆయప్ప మణికట్టు ఎముక చిట్లింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఈసారి పడితే తుంటి పోతాది. అప్పుడు నడక గురించి నేను మాట ఇయ్యలేను" అన్నాడు. అది విని గూడా ఆయప్ప మారలేదు.

రెండో పుస్తకంలో ఒకచోట ఆగిపోతి. జపానోళ్ళ విద్య ఒకదాన్లో, ఎత్తి పడేసేటోడు ఎదుటోని చొక్కా చెయ్యి ఆఖరుదాకా వదలడంట. పడేటోని తల నేలకు కొట్టుకోకుండా పైకి లాగి పట్టుకుంటాడంట. నాకు విచిత్రమనిపించె. పుస్తకం మూసి అడిగితి: "పడినోనికి చెయ్యి ఇయ్యగూడదన్నాడు మీ ఉస్తాద్, సరే. పడేటోన్ని పట్టుకోగూడదని గూడా అన్నాడా?"

ఆయప్ప నిజంగానే ఆలోచిస్తాండాడని మొగం చూస్తేనే తెలుస్తాండాది. కడాకు, లేదు, అట్ల అనలేదు అన్నాడు. అప్పుడు చెప్పినాడు. తనకు చిన్నప్పుడు గిర్రున తిరిగే అడుగు నేర్పేటప్పుడు, ఉస్తాదే నడుముకు తువ్వాల కట్టి, వెనక నుంచి దాని కొస పట్టుకునేటోడంట. మరి ఆ మాట ముందే చెప్పుంటే ఎముక మిగిలేది గదా అని తిడితి. తిట్టి, లేసిపోయి తువ్వాల తెస్తి.

మరుసటి దినం నుంచి అట్లనే నడిపిస్తి. ఫిజియో అమ్మాయి చూసి, దీన్నే మేము గెయిట్ బెల్ట్ అంటాము అక్కా, తువ్వాల జారుతాది, వెడల్పు బెల్టు కొనుక్కోండి అనింది. కొంటిమి.

ఇప్పుడు ఆయప్ప షాపులో కూచుంటాడు. ఎడమ పాదం ఇంకా ఈడుస్తాండాది, మలుపు తిరిగేటప్పుడు తూలుతాడు. మూడో పుస్తకం నా కోసమే తెప్పించుకుంటి. రోగి పక్కన కూచునే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. డాక్టరు చెప్పింది తప్పకుండా చేయండి. దాంతోపాటు, ఆ మనిషికి ప్రాణమైన సంగతి ఏదుండాదో దాని గురించి పుస్తకం తెచ్చి, రోజూ ఇంత చదివి వినిపించండి. మీకు అర్థం కానిది అడగండి. వాళ్ళకు తెలిసిన దాన్ని మనం అడుగుతాంటే వాళ్ళు మళ్ళీ మనుషులవుతారు.

మొన్న ఆదివారం ఆయప్ప గరిడీకి పోదామన్నాడు. శిష్యులంతా వచ్చి నిలబడినారు. ఆడోళ్ళు ఆ మట్టి తొక్కే వాడుక లేదు, నేను గట్టు కాడనే ఆగితి. ఆయప్ప చెప్పులు విడిచి, వంగలేక వంగి నేల ముట్టుకొని, నడుముకున్న బెల్టు తానే నా పక్కకు తిప్పినాడు.

"రా మే, పట్టుకో. అందరూ చూడనీ" అన్నాడు.

పట్టుకొని, ఆయప్ప వెనకాలే మట్టిలో కాలు పెడితి.