కల్లం చుట్టూ రెండు వేళ్ల సందు

జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చే దారిలో మా మిరప చేను ఉంది. కాయలు ఆరబోసుకునే మట్టి కల్లాన్ని రెండేళ్ల కిందట, పుష్యమాసపు చలిలో, సిమెంటు గచ్చు చేయించాను. దానికి ఒక పక్క మోటారు షెడ్డు గోడ, ఎదురుగా సామాన్ల కొట్టు గోడ, రెండూ ఇటుకవే. పని చేసిన మేస్త్రి పక్క ఊరివాడు, నా వయసువాడే. మా చుట్టుపక్కల సగం ఇళ్లు అతని చేతి కింద లేచినవే.

గచ్చు పోసేటప్పుడు గోడల వెంబడి రెండు వేళ్ల వెడల్పున సందు వదిలాడు. మధ్యలో కూడా రెండు చోట్ల చెక్కలు అడ్డం పెట్టి, తర్వాత తీసేసి, అన్నిట్లో ఇసుక నింపాడు. నాకు నచ్చలేదు.

"ఇదేంది మేస్త్రీ, పళ్లూడిన నోరులాగా! గోడకి ఆనించి పోస్తే ఏం పోయింది?"

"ఎండాకాలం రానియ్యండి. గచ్చు సాగుద్దండి."

"సాగడానికి అదేమన్నా రబ్బరా?"

అతను నవ్వాడు. "లోపలేసిన ఇనప చువ్వా, సిమెంటూ ఎండకి దాదాపు ఒక్కతీరుగా సాగుతయ్యండి. అందుకే కలిసి కాపురం చేస్తయ్. ఇటుక అంత సాగదు. చోటియ్యకపోతే ఈ గచ్చు గోడని నూకుద్ది."

"కాయల్లో ఇసుక తగిలితే కొనేవాడు ఊరుకుంటాడా?"

"సందు మీద టార్పాలిన్ పట్టా ముక్క పరుచుకోండి. అంతేగా."

ఆ పట్టా ముక్క నేను పరవలేదు. మొదటి కోత కాయలు ఊడ్చేటప్పుడు చీపురు వెంట ఇసుక వచ్చింది. బేరానికి వచ్చినాయన గుప్పెడు కాయలు తీసి, అరచేతిలో రుద్ది చూసి, మొహం చిట్లించాడు. ఆ సాయంత్రం ఒక్కడినే కూర్చుని సందుల్లో ఇసుకంతా తోడేశాను. సిమెంటు కలిపి నింపి, వేలితో నునుపు చేశాను. కల్లం అద్దంలా కనిపించింది. మురిసిపోయాను కూడా.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం షెడ్డులో అన్నం తింటుంటే లారీ టైరు పేలినట్టు చప్పుడైంది. బయటికొచ్చి చూస్తే గచ్చు నడిమధ్య గుడారంలా పైకి లేచి విరిగింది. కొట్టు గోడ అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు బీట. ఆ పక్కనే, సందులో నింపిన సిమెంటు మీద నా వేలి గీతలు ఇంకా కనబడుతున్నాయి. ఎవరి తప్పో నాకు అక్కడే తెలిసింది.

మర్నాడు నందిగామలో టీ కొట్టు దగ్గర నలుగురు కూర్చుని ఉన్నారు.

"ఏం బావా, నీ కల్లం లేచి కూర్చుందంట?"

"మేస్త్రి సిమెంటు తినేశాడు," అన్నాను. అనాలని అనుకుని వెళ్లలేదు. నోటికి అదే వచ్చింది.

"తిన్నది అరిగిందో, కడుపులోనే గట్టిపడిందో!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మాట ఒక్క రోజులో ఊళ్లన్నీ తిరిగింది. అతన్ని పనికి పిలిచేవాళ్లు తగ్గారు, తర్వాత లేకుండా పోయారు. ఒకసారి తనంతట తనే చేనుకి వచ్చాడు. గొంతుక్కూర్చుని సందులోంచి సిమెంటు పెళ్ల ఒకటి ఊడదీశాడు.

"ఇది నేను పెట్టింది కాదండి."

"ఇప్పుడెందుకులే అయ్యన్నీ," అన్నాను.

అతను ఆ పెళ్లని గోడ వారన పెట్టి వెళ్లిపోయాడు. టీ కొట్టు దగ్గర అన్నదానికన్నా ఈ మాటకే నేను ఎక్కువ సిగ్గుపడతాను. అక్కడ తొందరపడ్డాను అనుకోవచ్చు. ఇక్కడ కావాలనే అన్నాను.

మొన్న శీతాకాలంలో కంచికచర్ల బస్సులో కనిపించాడు. ఒళ్లో టిఫిన్ బాక్సు. తనను ఎరగనివాళ్ల దగ్గర ఇటుకలు మోసే పనికి రోజూ అంత దూరం పోతున్నాడట. నన్ను చూసి పక్కకి జరిగి, "రండి, కూర్చోండి," అన్నాడు.

కూర్చున్నాను. కాసేపటికి, "సందులు పూడ్చింది నేనే. తప్పు నాది," అన్నాను.

"నాకు తెలుసు గదండీ," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "తెలియనోళ్లకి చెప్పండి."

ఆ రోజే టీ కొట్టు దగ్గర చెప్పాను. "పోనీలే బావా, ఎప్పటి సంగతో! టీ చల్లారుద్ది, తాగు," అన్నారు. నా అబద్ధం ఊళ్లు తిరిగింది. నిజం ఆ బల్ల దాటలేదు. అందుకని ఇల్లు కట్టే ఆలోచనలో ఉన్న ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెబుతున్నాను. ఒకాయన అతన్ని పిలుస్తానన్నాడు. ఇంకా పిలవలేదు.

కల్లం మళ్లీ పోయించాను. రమ్మంటే అతను రాలేదు. వేరే మేస్త్రిని పెట్టి, సందులు మాత్రం అతను వదిలినట్టే వదిలించాను. ఈ ఏడు కాయలు పోసే ముందు వాటి మీద జానెడు వెడల్పు పట్టా ముక్కలు నేనే పరిచాను. అన్ని సందుల మీదా పరవడానికి బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు.