జీపుకి పెట్టె కట్టించాను

ఆ వస్తువు నాలుగు కేజీలు కూడా తూగదు. ఇత్తడిది. వీధిలోంచి వంటింట్లోకి తెచ్చేటప్పుడు నాకు బరువే అనిపించలేదు. ఆ తర్వాత మొదలైంది. అన్నం తినేటప్పుడూ, పడుకోబోయేటప్పుడూ, ఫలానా వాళ్ళింట్లో దొంగలు పడ్డారని విని నేనూ నలుగురితో పాటు "అయ్యో" అనేటప్పుడూ ఇన్నేళ్ళుగా అది నా గుండెల మీదే ఉంది. ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకి చెప్పే ధైర్యమే ఉంటే ఇంతకాలం ఎందుకు ఆగుతాను?

నేను అయిదో తరగతి దాకా చదివాను. అందులో సగం రోజులు బర్రెల వెంటే. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నా నోటికి భయపడనివాళ్ళు మా ఇంట్లో లేరు. అగ్గిపుల్ల అనవసరంగా గీస్తే ఊరుకోను. మనవలు కంచం చుట్టూ మెతుకులు పోస్తే ఏరించి తినిపిస్తాను. అలాంటిదాన్ని. అందుకే ఈ మాట చెప్పడం నాకు మరీ కష్టం.

దివిసీమలో రొయ్యల చెరువులు కొత్తగా తవ్వుతున్న రోజులవి. మాది అవనిగడ్డ దగ్గర ఒక పల్లెటూరు. నాగాయలంక అవతల మాకు రెండు చెరువులుండేవి. మేత బస్తాలు, డీజిలు, మోటారు సామాన్లు రోజూ మోసుకెళ్ళాలి. అందుకని మా ఆయన బందరులో ఒక పాత జీపు కొన్నారు. పైన గుడ్డ టాపు ఉంటే అదీ ఊడదీయించారు. గాలి తగలాలట. వెనక ఎదురెదురుగా రెండు ఇనప బల్లలు. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపేవారు. చేపల తట్టలతో ఆడవాళ్ళు, బస్సు తప్పిన కాలేజీ పిల్లలు, ఒకసారి ముహూర్తానికి ఆలస్యమైపోతున్న పెళ్ళికొడుకూ వాళ్ళ బాబాయీ. జీపు ఇంటికొచ్చేసరికి సగం సీమ వాసన దాంట్లో ఉండేది. నేను తిట్టేదాన్ని. లోపల నాకు ఇష్టమే. కాలవ వంతెన దగ్గర ఆయన ఈల వినబడితే అప్పుడు ఎసరు పెట్టేదాన్ని. ఆయన కాళ్ళు కడుక్కునేసరికి అన్నం ఉడికేది.

ఆ వెనక బల్ల మీద ఎప్పుడూ ఉండే మనిషి ఒకరున్నారు. దావీదు అని రాస్తాను. అసలు పేరు అది కాదు. నాగాయలంకలో ఊరి చివర పేటలో ఉంటాడు, మోటార్లు బాగుచేస్తాడు. ఆయనా మా ఆయనా ఒకే బడిలో చదువుకున్నారు, ఒకే మాస్టారి చేత దెబ్బలు తిన్నారు. మా ఆయనని "బావా" అనేవాడు. ఆ లెక్కన నేను చెల్లెమ్మనయ్యాను. పిలుపు వరకే అనుకోకండి. చెల్లెల్లాగే చూశాడు. మట్టపీతలు దొరికితే గడ్డితో కాళ్ళు కట్టి తెచ్చి, "ఇవి నీకు చెల్లెమ్మా, బావకి పులుసు మాత్రం పొయ్యి" అని గుమ్మంలో పెట్టేవాడు. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఇది కూడా రాయాలి. రాయకపోతే నేను చేసింది మీకు చిన్నదిగా కనబడుతుంది.

ఇక జీపు సంగతి. అందులోంచి ఏదో ఒకటి పోతూనే ఉండేది. జాకీ రాడ్డు పోయింది. కొత్త మోకు పోయింది. వానకి కప్పే బరకం పోయింది. తలుపుల్లేని బండి, టీ తాగడానికి ఆగినంతసేపు చాలు. వెనక ఇనప పెట్టె కట్టించి తాళం వేయమని ఏడాది పోరాను. "పెట్టె కడితే అది జీపు కాదే, బీరువా" అనేవారు మా ఆయన. "సీమలో దొంగలెవరు? పట్టుకెళ్ళినవాడు కూడా మనవాడే అయ్యుంటాడు" అనేవారు. ఇలాంటి మొగుడితో మీరైతే ఏం చేసేవారు?

నేను చేసింది ఇది.

ఒకనాడు ఇద్దరూ బందరు వెళ్ళి చెరువు మోటారుకి కొత్త ఫుట్‌వాల్వు తెచ్చారు. గొట్టం చివర నీళ్ళలో మునిగి ఉండే ఇత్తడి బుడ్డి అది. అది లేకపోతే పైకెత్తిన నీళ్ళు వెనక్కి జారిపోతాయి, మోటారు ఉత్తినే తిరుగుతుంది. దాన్ని గోనెపట్టాలో చుట్టి బల్ల కింద వదిలేసి భోజనానికి వచ్చారు. గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండాను. ఇద్దరూ మారు వడ్డించుకుని తిని వసారాలో చెరో మంచం మీద వాలారు. చెరో గురక. నేను వీధిలోకి వెళ్ళాను. పట్టపగలు. వాల్వు తీసి, గోనెపట్టా ఖాళీది మళ్ళీ అలాగే చుట్టి పెట్టాను. కొంగు కింద దాచి తెచ్చి తవుడు డబ్బాలో అడుక్కంటా నొక్కాను.

ఎందుకు? బుద్ధి చెప్పాలని. రెండు రోజులు వెతుక్కుంటే నా మాట విలువ తెలుస్తుందని. దొంగతనం అన్న మాటే తోచలేదు నాకు. మా వస్తువు మా ఇంట్లోనే ఉంది కదా అనుకున్నాను. ఆ గోనెపట్టా పక్కనే ఒక మనిషి కూర్చుని చెరువు దాకా వెళ్తాడని ఎందుకు తట్టలేదు? ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన దాన్ని, ఆ మనిషి ఎక్కడ కూర్చుంటాడో ఎలా మర్చిపోయాను? మర్చిపోయానా, లెక్కలోకి తీసుకోలేదా?

సాయంత్రం మా ఆయన వచ్చి మెట్ల మీద కూలబడ్డారు. "పోయింది. నీ మాటే నిజమైంది" అన్నారు. నాకు సంతోషం వేసింది. దాచడం ఎందుకు, సంతోషమే వేసింది. మర్నాడే పెట్టెకి ఒప్పుకున్నారు.

పెట్టె నేనే దగ్గరుండి చేయించాను. అవనిగడ్డ వెల్డింగు షాపులో స్టూలు వేసుకుని కూర్చున్నాను. టేపు కొలతలు నాకు రావు. మూర వేసి, జాన వేసి చూపించాను. మేత బస్తా పడుకోవాలి, డీజిలు క్యాను నిలబడాలి. కొత్త రేకు కొననివ్వలేదు. ఖాళీ డ్రమ్ములు కోయించి సమ్మెటతో చదును చేయించాను. మూత అంచులు కిందికి వంపించి, వాన దిగకుండా లోపల పాత ట్యూబు రబ్బరు అంటింపించాను. చెమ్మ పోవడానికి అడుగున చిల్లులు. బోల్టులు జీపు నేలలోంచి కిందికి దింపి, ఎవరూ విప్పకుండా నట్ల మీద ఒక్కో వెల్డింగు చుక్క పెట్టించాను. గడియ. పెద్ద తాళం. చుట్టూ ఎర్ర రంగు. ఉప్పుగాలికి కూడా లొంగనంత గట్టి పని. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గర్వంగానే ఉంటుంది, ఆ వెంటనే తల దించుకుంటాను.

ఒక్కటి చెప్పలేదు. ఫ్రేముకి ఇనుము కావాలన్నాడు వెల్డరు. "కొత్తదెందుకు, ఆ బల్లలున్నాయిగా, కోసెయ్యి" అన్నాను. మరి మనుషులెక్కడ కూర్చుంటారమ్మా అన్నాడు. "మనుషులకి బస్సులున్నాయి" అన్నాను.

పెట్టె బిగించి జీపు ఇంటికొచ్చాక వాల్వు బయటికి తీసి నవ్వుతూ చూపిద్దామని నా ఆలోచన. ముందే చూపిస్తే పని ఆపేస్తారని ఆగాను. జీపు పొద్దుగూకాక వచ్చింది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆ రేపు పొద్దున్నే మా ఆయన లోపలికొచ్చారు. చేతిలో ఫుట్‌వాల్వు. డ్రైవరు సీట్లో ఉందట. నేను వంటింట్లోకి పరిగెత్తి తవుడులో చెయ్యి పెట్టాను. నేను దాచింది చేతికి తగిలింది. అంటే ఆయన చేతిలో ఉన్నది వేరేది.

దావీదు మొదటి బస్సుకి వచ్చి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడని పాలవాడు చెప్పాడట. మా ఆయన దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. తర్వాత మెల్లగా అన్నారు. "వాడికేం కష్టం వచ్చిందో. తీసుకెళ్ళాడు, మనసొప్పక తెచ్చి పెట్టాడు. నువ్వెవరితోనూ అనకు. నేను వాణ్ణి అడగను కూడా."

చెయ్యని తప్పుని క్షమించేశారు చూశారా. నేను నోరు తెరిచాను. తెరిచిన మాట నిజం. అప్పుడే చెప్పి ఉంటే ఒక పూట కోప్పడేవారు. ఆ తర్వాత జీపు వేసుకుని నాగాయలంక వెళ్ళి, దావీదు వీపు మీద ఒక్కటి చరిచి, ఇద్దరూ నా మీద జోకులేసుకుని నవ్వుకునేవారు. నాకు ఇదంతా తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఇంట్లో అందరి తప్పులూ పట్టే మనిషిని నేనొక్కదాన్నే. ఆయన ముందు ఆ పీట దిగడం నాకిష్టం లేకపోయింది. ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఊళ్ళో ఏది పోయినా ముందు పేట వైపు చూసేవాళ్ళు ఉంటారు. మా ఆయన జన్మలో అలా చూడని మనిషి. ఆయన కూడా అలా చూసేలా నేను చేశాను.

ఆ వారంలోనే దావీదు అవనిగడ్డలో పని చూసుకుని మా ఇంటికొచ్చాడు, జీపులో చెరువుల దగ్గరికి వెళ్ళాలని. నాక్కూడా నాగాయలంకలో పనుంది, ముందు సీట్లో ఉన్నాను. దావీదు జీపు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"బల్లలేవి బావా?"

"పెట్టెలోకి పోయాయి."

"బాగా కట్టించావు." మూత మీద చేత్తో రాశాడు. "తాళంచెవి ఇటియ్యి, నా రెంచీల సంచి లోపల పడేస్తాను."

మా ఆయన ఇవ్వలేదు. తనే దిగి, తనే తీసి, సంచి పెట్టి, తనే తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నారు.

"మరి నేనెక్కడ కూర్చోను?"

"దాని మీదే కూర్చో."

"కావలి కుక్కలాగానా?" అని దావీదు నవ్వాడు.

మా ఆయన నవ్వలేదు. దావీదు మాటకి ఆయన నవ్వకపోవడం నేనెప్పుడూ చూడలేదు. దావీదు కూడా చూడలేదనుకుంటాను. దావీదు ముఖంలో నవ్వు కొంచెంసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. "సరే బావా" అన్నాడు. ఎక్కి కూర్చున్నాడు. నాగాయలంక దాకా నేను నా ముందున్న అద్దంలోంచి రోడ్డునే చూస్తూ కూర్చున్నాను.

అలా ఎందుకు చేశారని ఇంటికొచ్చాక అడిగాను. "వాడికి మళ్ళీ ఆశ పుట్టించకూడదు కదే" అన్నారు. ప్రేమతోనే అన్నారు.

అసలు జరిగింది దావీదు భార్య చెబితే తెలిసింది, కొన్ని నెలల తర్వాత, సంతలో. ఆ రోజు దారిలో తను కునుకు తీసినప్పుడు వాల్వు జారి పడిపోయిందని దావీదు అనుకున్నాడట. తన కాళ్ళ దగ్గరున్న వస్తువు, తన తప్పే అన్నాడట. క్రిస్మస్‌కని పెంచుకుంటున్న పొట్టేలుని అమ్మేసి బందరు వెళ్ళి అలాంటిదే కొన్నాడట. బావకి చెబితే తీసుకోడని చెప్పకుండా పెట్టి వచ్చాడట. "ఆ ఏడాది పిల్లలు పొట్టేలు ఏదీ అని ఏడ్చారొదినా" అని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, ఇంకో రెండు వంకాయలు బేరమాడాను.

దావీదు కొన్నాళ్ళు ఆ పెట్టె మీద కూర్చునే వచ్చాడు. తర్వాత నడుం నొప్పన్నాడు, బస్సులో వస్తానన్నాడు. తర్వాత కబురు పెడితేనే రావడం. మాటల్లో మర్యాద ఎక్కువైంది. పీతలు పంపడం మాత్రం మానలేదు, బస్సు కండక్టరు చేత. మా ఆయన ఈల వేయడం ఎప్పుడు మానేశారో నాకు గుర్తు లేదు. ఎసరు ఎప్పుడు పెట్టాలో తెలియక ఒకటి రెండు సార్లు అన్నం చల్లారిపోయింది. అలా తెలిసింది.

తవుడులో ఉన్నదాన్ని ఏం చేశానంటారా? పారేయడానికి నాకు చేతులు రాలేదు. మా పెరట్లో మోటారు పాడైతే, పాత సామాన్లవాడి దగ్గర కొన్నానని చెప్పి అదే ఇచ్చాను. బిగించడానికి వచ్చింది దావీదే. చేతిలో తిప్పి చూసి, "కొత్తదే చెల్లెమ్మా. ఎవరు పోగొట్టుకున్నారో పాపం" అన్నాడు. ఆయనకి తెలిసిందా? తెలిసే అన్నాడా? అడిగే ముఖం నాకు లేదు. ఇన్నేళ్ళూ అది ఎత్తి పోసిన నీళ్ళతోనే అన్నం వండాను.

చెరువులకి తెగులొచ్చి రొయ్య చచ్చింది. జీపు పెట్టెతో సహా అమ్మేశాం. కొన్నవాడు పెట్టె చూసే కొన్నాడు.

ఇప్పుడు మా ఆయనకి డెబ్బై దాటాయి. దావీదుకీ అంతే. నాకు కళ్ళలో శుక్లాలు. దగ్గర పెట్టుకుని పెద్ద అక్షరాలు రాయగలను కానీ అచ్చు అక్షరాలు అలుక్కుపోతాయి. అందుకని ఈ పత్రిక వచ్చిన రోజు మధ్యాహ్నం మా ఆయనే పైకి చదివి వినిపిస్తారు. ఈ పేజీ అంటే ఆయనకి ఇష్టం. ఎవరెవరో రాసిన తప్పులన్నీ చదివి, "ఎంత మోశారో పాపం" అంటారు.

అచ్చయితే ఇది కూడా ఆయనే చదువుతారు. పేరుండదు. ఆయనకి పేరు అక్కర్లేదు. జీపు దగ్గర నవ్వుకుంటారు. పీతల దగ్గర నా వైపు చూస్తారు. తవుడు డబ్బా దగ్గర గొంతు ఆగుతుంది. ఆ తర్వాత ఏమంటారో నాకు తెలియదు. ఏమన్నా సరే, వంటింట్లోకి లేచి వెళ్ళను. ఎదురుగానే కూర్చుంటాను. నాగాయలంక బస్సు మూడు గంటలకి కూడా ఒకటుంది.

ఇంతసేపూ మీకు చెప్పాను, ఓపికగా విన్నారు. చెయ్యి నొప్పిగా ఉంది, ఊపిరి మాత్రం బాగా ఆడుతోంది. ఈ చివరి మాట మీకు కాదు.

ఏమండీ, దావీదన్నయ్య తియ్యలేదు. నేను తీశాను.