సరోజిని మిస్, ఇద్దరు గురుసాములు

పక్కింటివాళ్ళు గేటుకు రంగు వేయిస్తున్నారు. టర్పెంటైన్ వాసన కిటికీలోంచి దూరి నా కాఫీని, పేపరును, చివరికి పిల్లిని కూడా ఆక్రమించింది. నాకు మాత్రం సరోజిని మిస్ గుర్తొచ్చారు. తమిళనాడులో మా రాజపాళయం కాలేజీలో మాకు చరిత్ర చెప్పేవారు. ఆమెకు నా అన్నవాళ్ళెవరూ లేరు, ఒక మేడగదిలో ఒక్కరే ఉండేవారు. ఆ గదిలో పుస్తకాలు ఎన్నంటే, ఆమె పడుకోవాలంటే వాటి అనుమతి తీసుకోవాలి.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు నేను సినిమా బ్యానర్లు గీసిన ఎస్. గురుసామిని ఎంచుకున్నాను. అప్పటికే ఆయన పోయారు. సెలూను, టీకొట్టు, బస్టాండు బెంచీ, ఇవే నా గ్రంథాలయాలు. ఆయన గీసిన మామిడిచెట్టు మీద వాలబోయి ఒక కాకి ముక్కు విరగ్గొట్టుకుందని రాసుకెళ్ళాను.

"ఆ కాకిని ఎవురు చూసినారురా?" అన్నారు మిస్.

"ఊరంతా చెప్తా ఉంది మిస్."

"ఊరంతా చెప్తే ఒకడూ చూడలేదని అర్థం. చూసినోణ్ణి పట్టుకొని రా. లేకుంటే కాకినన్నా పట్టుకొని రా."

కాకి దొరకలేదు, అంతకన్నా పెద్ద చిక్కు దొరికింది. నా కాగితాల ప్రకారం గురుసామి ఒకే దీపావళికి రాజపాళయంలోనూ, పక్కూరు సేత్తూరులోనూ ఊరు నిండా బ్యానర్లు గీసేశాడు. "ఆయనేమి మురుగనా, పన్నెండు చేతులుండేదానికి?" అన్నారు మిస్. అప్పుడు వెలిగింది. మా వైపు పెద్ద మనవడికి తాత పేరు పెడతారు. అన్నదమ్ములిద్దరి పెద్దకొడుకులూ గురుసాములే, తండ్రి పేరు నుంచి వచ్చే ఇనిషియలూ ఒకటే, ఇద్దరూ బ్యానర్లు గీసినవాళ్ళే. పేరున్న టౌను గురుసామి, పేరులేని సేత్తూరు గురుసామిని నిండా మింగేశాడు.

మిస్ నన్ను బస్సెక్కించి సేత్తూరు తీసుకెళ్ళారు. ఆ గురుసామీ అప్పటికే పోయారు, ఇంట్లో టర్పెంటైన్ వాసన మాత్రం పోలేదు. ఆయన భార్య నేను తెచ్చిన బ్యానర్ల ఫోటోలు ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఇది మా ఆయనది. ఇదీ ఆయనదే. రంగు కలిపిచ్చింది నేనే కదా తంబీ! అందరూ టౌన్లో ఉండే వాళ్ళన్న గీసిందంటారు. నేను చెప్తే ఎవురు నమ్మినారు? ఒక్క చోటన్నా ఆయన పేరు ఎక్కితే చాలమ్మా."

ఆ పని చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని మిస్ అడిగారు. లేరు. ఆ బ్యానర్లు కట్టిన థియేటరూ లేదు.

తిరుగు బస్సులో నేను ఉదారంగా ప్రకటించాను. "ఊరంతా ఒప్పుకునిందని రాసేస్తా మిస్."

"ఒద్దురా. ఆమె చెప్పిందని రాయి. చెప్పేదానికి ఇంకెవురూ మిగల్లేదని కూడా రాయి." ఒక స్టాపు దాటాక మళ్ళీ అడిగారు. "రేపు నా గురించి రాయాలంటే ఎవుర్ని అడుగుతావురా?"

"ఊరే ఉంది కదా మిస్!"

ఆమె నవ్వలేదు.

ఆమె చెప్పినట్టే రాశాను. మిస్‌తో కలిసి ఒక కాపీ తీసుకెళ్ళి ఇస్తే, సేత్తూరు అమ్మ ఆయన పేరెక్కడుందో చూపించమంది. చూపించాను. మేం టీ తాగి లేచేదాకా ఆ పేరు మీంచి వేలు తియ్యలేదు.

మిస్ పోయి కొంతకాలమైంది. కాలేజీవాళ్ళు సావనీరుకు ఆమె గురించి రాయమన్నారు. పిల్లి తుమ్మితే తుఫాను అని రాసి బతికేవాణ్ణి నేను. ఈ ఒక్క మనిషి దగ్గర నా చెయ్యి చిటికెడు కల్పన కూడా కలపనంటోంది. టీ తాగిన గ్లాసు తానే కడిగి బోర్లించేవారు. ఇంగ్లీషులో తిట్టి తెలుగులో క్షమించేవారు. మెట్ల మీద ఎవరి చప్పుడైనా వినిపిస్తే, చదువుతున్న పేజీలో వేలు పెట్టి తలుపు వైపు చూసేవారు. ఆ అడుగులు ఎక్కువగా ఆమె గది దాటి పై అంతస్తుకు వెళ్ళిపోయేవి.

నేను కళ్ళారా చూసింది ఇంతే, ఇంతే రాసి పంపాను.