మ్యాకుతో అవని పని ఉందా అన్నాను

గొప్పలు చెప్పుకుని ఒక్క పూటలో షార్జా నుంచి కరామా దాకా పరువు ఎలా పోగొట్టుకోవచ్చో నేర్చుకోవాలనుకుంటే, నన్ను మించిన గురువు మీకు దొరకడు. కుర్చీ లాక్కుని కూర్చోండి. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఆవిడ ఎలాగూ ఆపుకోలేదు.

అప్పట్లో దుబాయ్‌లో ఎగ్జిబిషన్లు నడిపే ఒక కంపెనీలో ఉండేవాణ్ణి. నా హోదా వినడానికి ఘనంగానే ఉండేది. చేసేది మాత్రం మే నెల ఎండలో పార్కింగ్ గేటు దగ్గర నిలబడి, వాకీటాకీలో కార్ల సంగతి చెప్పడం. లోపల ఏసీ గదిలో ఒక కుర్చీ, దాని ముందు ఒక రేడియో స్కానరు ఉండేవి. గేటు దగ్గర గానీ స్టేజీ దగ్గర గానీ మా వాళ్ళు ఎవరు మాట్లాడినా ఆ స్కానరు పట్టి వినిపిస్తుంది. ఆ కుర్చీ నాకు కలలోకి కూడా వచ్చేది, ఏసీ చప్పుడుతో సహా.

ఒక శుక్రవారం మా ముదీర్, అంటే మేనేజరు, ఆ స్కానరు పట్టుకుని వచ్చాడు. మలయాళీ పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఛానళ్ళన్నీ మారాయట. రేపు సాయంత్రం ఎగ్జిబిషన్ మొదలయ్యేలోపు లాప్‌టాప్‌కి తగిలించి కొత్తవి ఎక్కించాలట. ఎక్కించినవాడిదే ఆ కుర్చీ అన్నాడు. ఆఫీసు లాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళమని కూడా అన్నాడు పాపం. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎందుకు సార్, నా దగ్గర మ్యాక్ ఉంది. మ్యాక్‌తో అవని పని ఉందా?"

ఆ మ్యాకు, అదే ఆపిల్ వాళ్ళ లాప్‌టాప్, దాని గురించి మీకు కాస్త చెప్పాలి. అది కొన్న రోజున మా ఆవిడ సుజాత, "ఉన్నది బానే పనిచేస్తంది కదండీ" అంది. ఉన్నది అంటే, ఆవిడ నర్సు లైసెన్సు పరీక్షకి చదువుకున్న పాత విండోస్ లాప్‌టాప్. ఆన్ చేస్తే రోడ్డు రోలరులా మోగేది. దాన్ని మ్యూజియానికి ఇచ్చేద్దామని ఇంటికొచ్చిన వాళ్ళందరి ముందూ వేళాకోళం చేసేవాణ్ణి. నా మ్యాకుని మాత్రం మెడనొప్పి రాకుండా కాస్త ఎత్తు మీద పెట్టి, కింద మా అత్తగారు అల్లిన లేసు గుడ్డ పరిచి, కొత్తల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకునేవాణ్ణి.

శనివారం పొద్దున సుజాత డ్యూటీకి వెళ్ళగానే కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ దించి నొక్కితే, ఈ ఫైలు తెరవడం నా వల్ల కాదని మ్యాకు మర్యాదగా చెప్పేసింది. విండోస్‌లోనే పనిచేస్తుందని స్కానరుతో వచ్చిన కాగితం మీద రాసే ఉంది. గొప్పలు చెప్పేవాడు కాగితాలు చదువుతాడా?

సరే, ఫ్లాట్‌లో ఒక్క మంచం పట్టే చోటు బెడ్‌స్పేస్ అని అద్దెకిచ్చినట్టు, మ్యాకులోనే విండోస్‌కి ఓ మూల చోటిచ్చే పద్ధతి ఉందని తెలిసింది. ఇచ్చాను. విండోస్ వచ్చి దర్జాగా కూర్చుంది గానీ, స్కానరు కేబులు పెడితే ఇదెవరో నాకు తెలియదంది. తీసి పెట్టాను, ఊది పెట్టాను, బతిమాలి పెట్టాను. ఉహూ.

అప్పుడు సుజాత పాత లాప్‌టాప్ గుర్తొచ్చింది. మంచం కింద చూశాను, బీరువా మీద చూశాను, బియ్యం డబ్బా వెనక కూడా చూశాను. ఎక్కడా లేదు. ఒక్క ఫోన్ చేస్తే చెప్పేది. కానీ ఏమని అడగను, మ్యూజియం ముక్క ఎక్కడ పెట్టావనా? అంతకన్నా ఎండలో గేటే నయమనుకుని, స్కానరు సంచిలో వేసుకుని బస్సెక్కి, మెట్రో మారి దుబాయ్‌లోని కరామా పోయాను. అక్కడ బెడ్‌స్పేస్‌లో ఉండే జగిత్యాల రాజన్న నాకు పాత దోస్తు, అతని లాప్‌టాప్ అడుగుదామని.

"లాప్‌టాప్ ఉన్నది గని అన్నా, కంపెనీది. పాస్‌వర్డ్ లేంది ఏదీ ఎక్కనియ్యది. అది తెల్సినాయన ఛుట్టీ మీద ఇంటికి పోయిండు," అన్నాడు రాజన్న. తర్వాత నా మొహం కేసి చూసి, "నీ మ్యాకు అన్నీ చేస్తదంటివి గదనే?" అన్నాడు.

ఇచ్చిన చాయ్ తాగి, కుర్చీ ఖలాస్ అనుకుంటూ షార్జాలో మేముండే అల్ నహ్దాకి తిరిగొచ్చాను. సుజాత డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. చెప్పక తప్పలేదు. కథ కరామా దాకా వచ్చేసరికి ఆవిడ నవ్వుతూ గోడకి చేరగిలబడింది. తర్వాత కళ్ళు తుడుచుకుని లేచి, నా మ్యాకుని రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డని అందించినట్టు నా చేతుల్లో పెట్టింది. లేసు గుడ్డ తీసింది.

కింద పాత లాప్‌టాప్.

"మ్యాకుకి పీట కావాలని మీరే పెట్టారు కదండీ. మర్చిపోయారా?"

రోడ్డు రోలరు మోగింది. ఆ మోత ఎంత కమ్మగా ఉందో చెప్పలేను. కేబులు పెట్టగానే ఎంతో కాలంగా ఎదురుచూస్తున్నట్టు గుర్తుపట్టింది. సుజాత టీ మరిగించేలోపు కొత్త ఛానళ్ళన్నీ ఎక్కేశాయి.

ఆ సాయంత్రమే కుర్చీలో కూర్చున్నాను. చల్లగా, హాయిగా, రాజులా. అంతలో ముదీర్ వచ్చి అందరి ముందూ నా భుజం తట్టాడు. ఇకనుంచి కంపెనీ వాకీటాకీలన్నీ కూడా నా మ్యాక్‌లోనే అప్‌డేట్ చేయిస్తానని ప్రకటించాడు. నేను మింగలేక కక్కలేక తలూపాను.

కాబట్టి, ఆ ఏసీ కుర్చీ సాక్షిగా, ధర్మపత్ని సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రాన్నీ నెత్తికెత్తుకోను, ఏ యంత్రాన్నీ తీసిపారేయను. ఈ ప్రమాణం రాయమన్నది సుజాత. రాస్తున్నది ఆవిడ లాప్‌టాప్‌లో. లేసు గుడ్డ దానికే పరిచాం, కింద పీటగా మ్యాకుని పెట్టాం. కాకపోతే అది మరీ పల్చన. ఎత్తు చాలక మెడ లాగేస్తోంది.