ఈత కొట్టినోళ్లే చెప్పాల్సిన వాక్యం

ఆళ్లగడ్డ బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మ రోజూ నంద్యాల నుంచి బస్సులో వచ్చేది. ఇంగ్లీషులో అయినా సరే, మమ్మల్ని అబద్ధం ఆడనిచ్చేది కాదు.

స్విమ్, స్వామ్, స్వమ్ నేర్పిన రోజు, "ఐ హ్యావ్ స్వమ్ అని ఈత కొట్టినోళ్లే చెప్పాల. కొట్టనోళ్లు మధ్యలో నెవర్ చేర్చుకోండి" అనింది. కేసీ కాలువలో ఈదే మగపిల్లోళ్లు గొంతు చించుకొని చెప్పినారు. కాలువ దిక్కు పోనియ్యని మా ఆడపిల్లల వరసంతా నెవర్ అని గొణిగింది.

నాకు కోపమొచ్చి, "మీరూ చెప్పండి మేడం" అన్నా.

ఆమె సుద్దముక్క పక్కన పెట్టి, మా వరసలోకొచ్చి నిలబడి, మా అందరికంటే గట్టిగా "ఐ హ్యావ్ నెవర్ స్వమ్" అనింది. ఆ పొద్దుతో మా సిగ్గు పోయింది.

మొన్న ఫోన్ చేసింది. రిటైరైనాక నంద్యాలలో స్విమ్మింగ్ పూల్‌కు పోయి ఈత నేర్చుకుంటాందంట.

"పాపా, ఐ హ్యావ్ స్వమ్!" అని అరిచింది.

"ఎంత దూరం మేడం?"

"ఈ చివర నుంచి ఆ చివరకు." అంతలోనే తనే దిద్దుకునింది. "కాదులే, సగమే. మిగతా సగం నీళ్లలో నడిచినా."