ఎర్తు గుంటకు బిందెడు నీళ్లు

పలమనేరు చెంగల్రాయులుకు స్టీరియో సెట్టు మీద ఎంత ప్రేమో, కరెంటు మీద అంత అనుమానం. పాట వెనకాల సన్నగా ‘గుయ్’మని ఒక చప్పుడు వినబడేది. అది కరెంటులో వచ్చే మురికేనని తేల్చేశాడు. పాట పెట్టే ముందు పంచె ఎగ్గట్టి ఫ్రిజ్జు, ఫ్యాను, ట్యూబులైటు వరసగా ఆర్పేవాడు. ఎర్తు తడిగా ఉంటే కరెంటు శుభ్రపడుతుందని ఎవరో చెప్పగా, పెరట్లో ఉప్పూ బొగ్గులూ వేసి పూడ్చిన ఎర్తు గుంటకు పొద్దున్నే బిందెడు నీళ్లు పోసేవాడు. “తులసెమ్మకు సెంబుడు, ఎర్తుకు బిందెడు! ఇదేం భక్తిరా తమ్ముడా?” అని భార్య లోకేశ్వరి, చుట్టపుచూపుగా వచ్చిన తమ్ముడు మునిప్రసాద్ దగ్గర నవ్వింది.

ఆ ‘గుయ్’ ఇంట్లో ఇంకెవరికీ వినబడకపోవడమే చెంగల్రాయులు దిగులు. బామ్మర్దైనా సాక్ష్యం చెబుతాడని, ఎండ మండే మధ్యాహ్నం తలుపులేసి, ఫ్యానాపి, అతణ్ణి స్పీకరు ముందు కూర్చోబెట్టాడు. “ఇనబడతాండాదా?” “నాకు సెమట కారేది ఇనబడతాండాది బావా.” అంతలో ఊరంతటికీ కరెంటు పోయింది. పాట ఆగింది, సెట్టు మీది ఎర్రదీపం ఆరింది. ‘గుయ్’ మాత్రం చెంగల్రాయులు ఎడమ చెవిలో నింపాదిగా సాగుతూనే ఉంది. వేలు పెట్టి చెవి మూసి చూశాడు. ఇంకాస్త బాగా వినబడింది. “ఇప్పుడన్నా పోయిందా నీ గుయ్యి?” అంది లోకేశ్వరి, విసనకర్ర ఊపుతూ. “పోయిందిలే” అన్నాడు ఎటో చూస్తూ. మర్నాడు పొద్దున ఎర్తు గుంటకు చెంబుడే పోశాడు. బిందె తీసుకెళ్లి తులసి మొదట్లో వంచాడు.