మా తోటికోడలి గెడ్డ

ఈ ప్రయాణం కుళ్ళుతో మొదలైంది, దాచుకోవడం ఎందుకు. మా ఆయన అన్నగారిది ఆనందపురం దాటాక లోపలికి ఉండే పల్లె. మా తోటికోడలు పైడితల్లక్క రెండేళ్ళుగా మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ ఊరి గెడ్డ ఫోటోలు పెడుతూనే ఉంది, గెడ్డంటే మా వైపు వాగు. గెడ్డలో తేట నీళ్ళు, గెడ్డ ఒడ్డున కొంగలు, గెడ్డలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న అక్క. మాదీ గెడ్డ ఒడ్డు ఇల్లే, కాకపోతే అందులో పారేది మురుగు. గాజువాకలో మా వంటింటి కిటికీ సరిగ్గా గెడ్డ వైపే ఉంది, అందుకే దాన్ని తెరవం. ఒకప్పుడు అక్క మా ఇంటికొస్తే కుళాయి తిప్పి, ధారగా వస్తున్న నీళ్ళని చూస్తూ "అదృష్టవంతురాలివే" అనేది. ఆ మాట వినడం నాకెంత ఇష్టమో! ఇప్పుడు ఆవిడ ఫోటోలకి నేను దండం బొమ్మ పెట్టాల్సి వస్తోంది.

మొన్న ఫోన్ చేసి, ఆదివారం మడుగులో వల వేస్తున్నాం రమ్మంది. మడుగంటే గెడ్డ మలుపులో లోతుగా ఉండే చోటు. రెండు వానాకాలాలు అందులో ఎవరూ వల వేయకూడదని ఊరంతటినీ ఒప్పించింది అక్కే. చేపలు పడితే ఆ కట్టుబాటు నిలుస్తుంది. పడకపోతే మర్నాటి నుంచి ఎవరి వల వాళ్ళది, ఊళ్ళో అక్క మాటకి ఇక విలువ ఉండదు. మా ఆయనకి స్టీలు ప్లాంటులో మార్నింగ్ షిఫ్టు, అందుకని ఒక్కదాన్నే బయల్దేరాను.

వెళ్ళాలనుకునేవాళ్ళు తెల్లారగానే గాజువాకలో సిటీ బస్సెక్కి, మద్దిలపాలెంలో దిగి, అక్కడ ఆనందపురం వైపు వెళ్ళే బస్సు పట్టుకోవాలి. రోడ్డు ఖాళీగా ఉంటే గంటన్నర, ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ రోజు మీది కాదు. రెండు టికెట్లూ కలిపి వంద లోపే. ఆనందపురం జంక్షన్లో పూల మార్కెట్ పక్కన ఇడ్లీ తినేయండి, లోపల హోటళ్ళేమీ లేవు. అక్కణ్ణుంచి షేర్ ఆటో. గెడ్డ చూడ్డానికని చెప్తే ఆటో అతను నవ్వాడు. అది మేమే బాగుచేసుకున్నామని ఊరివాళ్ళంటారట, మేమే చేశామని కంపెనీవాళ్ళంటారట. ఇంతకీ ఎవరు చేశారని అడిగాను.

"ఇద్దరూనమ్మా. ఎక్కండి."

దారి పొడుగునా అతను చెప్పింది, తర్వాత అక్క చెప్పింది కలిపితే సంగతి ఇదీ. గెడ్డ వెళ్ళి కలిసే కింది రిజర్వాయరులో నీళ్ళు తోడి నగరానికి పంపే కంపెనీ ఒకటుంది. గెడ్డ మోసుకొచ్చే బురద, గుర్రపుడెక్క వాళ్ళ పంపుల్లో పడి ప్రాణాలు తీస్తుంటే, ఆఖరికి పైకొచ్చి ఊరివాళ్ళని సాయమడిగారు. కంపెనీ యంత్రాలు తెచ్చి గుర్రపుడెక్క తీయించింది. బట్టల రేవు విడిగా కట్టి, సబ్బునీళ్ళు గెడ్డలో కలవకుండా ఇంకుడు గుంతలు తవ్వించింది. ఊరు ఇసుక ట్రాక్టర్లని ఆపింది. ఒడ్డంతా కానుగ, నేరేడు, వెదురు నాటి, పశువులు మేసేయకుండా వంతులేసుకుని కాసింది. కంపెనీ తరఫున వచ్చే ఇంజనీరు అమ్మాయి ఆ రోజు కూడా ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలోనే ఉంది.

గెడ్డ చూశాను. అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. కాళ్ళు పెడితే చిన్న చిన్న పరిగె చేపలు వచ్చి వేళ్ళు కొరుకుతున్నాయి. ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో కాదు. దీన్నీ గెడ్డే అంటారు, మా కిటికీ వెనకదాన్నీ గెడ్డే అంటారు.

ఊరంతా మడుగు చుట్టూ చేరింది. మొదట్నుంచీ ఈ కట్టుబాటు మీద గుర్రుగా ఉన్న అప్పలనాయుడు మావకే వల ఇచ్చింది అక్క. ఆయన తిప్పి విసిరి లాగాడు. ఆకులు, ఒక పీత. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క ముఖం పాలిపోయింది. నిజం చెప్తున్నాను, నాకు లోపల హాయిగా అనిపించింది. ఇక గ్రూపులో ఫోటోలు ఆగుతాయి కదా అనుకున్నాను. అలా అనుకుంటూనే అక్క చెయ్యి పట్టుకున్నాను. అక్క నా వేళ్ళు నలిగేలా బిగించింది. ఆ తర్వాత ఏమనుకోవాలో నాకు తెలీలేదు.

మావ మాత్రం కదల్లేదు. జనం వైపు తిరిగి విసుక్కున్నాడు.

"ఇంతమంది నిలబడి గోల సేత్తంటే సేప పైకొత్తాదేటి? కూసోండి అందరూను."

అందరం నోరు మూసుకుని కూర్చున్నాం. చాలాసేపయ్యాక ఆయన ఒడ్డునున్న పాత నేరేడు చెట్టు వేళ్ళ పక్కగా వల వేశాడు. ఈసారి లాగడానికి ఇంకో ఇద్దరు దిగాల్సి వచ్చింది. జెల్లలు, పరిగెలు, నల్లగా మిలమిల్లాడే కొరమీనులు. అందులో అన్నిటికన్నా పెద్దదాన్ని, గుడ్లతో ఉందని, అక్క రెండు చేతులతో ఎత్తి మళ్ళీ నీళ్ళలో వదిలేసింది. మావ వల దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ వేటతో సరి, మళ్ళీ మడుగు మూసేశారు. అంత పెద్ద చేపని వదిలేయగలిగినందుకు కూడా అక్కని చూసి కుళ్ళుకున్నాను. నా చేతికొస్తే వదిలేదాన్నా?

మధ్యాహ్నం పులుసన్నం పెడుతుంటే ఉండబట్టలేక అనేశాను, మీకేం అక్కా, కంపెనీ ఉంది అని. అక్క గరిటె ఆపి నా వైపు చూసింది.

"మీకేటి లేవా కంపెనీలు? మీ గాజువాక సుట్టూ అయ్యే గదే. ఎప్పుడైనా ఎల్లి అడిగినావేటి?"

నేను పులుసు బాగుందన్నాను.

వచ్చేటప్పుడు పాత పాలక్యానులో నా వాటా చేపలు పోసిచ్చింది. మద్దిలపాలెం నుంచి బస్సులో పక్కన కూర్చున్నావిడ ఏం చేపలని అడిగింది. గెడ్డ చేపలన్నాను. ఆవిడ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు జరిగి, గెడ్డలోవి తింటారా అంది. ఎక్కడలేని కోపం వచ్చేసింది నాకు.

"మా గెడ్డ అలాంటిది కాదండీ. మీ ఇంటి కుళాయిలో వచ్చేవి మా గెడ్డ నీళ్ళే, వెళ్ళి చూసుకోండి."

మా గెడ్డ. రోజంతా ఏడ్చి, ఆఖరికి అలా అనేశాను. ఇంటికొచ్చి చేపలు కడగడానికి కుళాయి తిప్పాక తట్టింది. బస్సులో ఆవిడతో అన్న మాట నాకూ వర్తిస్తుంది కదా. ఇన్నేళ్ళూ అక్క ముందు నేను గొప్పలు పోయింది ఆవిడ గెడ్డ నీళ్ళు చూపించే. అదృష్టవంతురాలివే అంటూ ఆవిడ చూసింది వాళ్ళ నీళ్ళనే. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. కిటికీ ఇంకా మూసే ఉంది. కాకపోతే ఇంజనీరు అమ్మాయి నంబరు అక్కనడిగి తీసుకున్నాను, కిటికీ వెనక గెడ్డ బాగుచేయించమని ఇక్కడి కంపెనీలని అడగడానికి మా వీధివాళ్ళని కూడగడుతున్నాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. మూత బాగా బిగిసే స్టీలు క్యాను ఒకటి మీతో తీసుకెళ్ళండి, చేపలు ఇవ్వకుండా పంపరు. దారిలో ఎవరైనా అడిగితే గెడ్డ చేపలనే చెప్పండి, కాస్త గట్టిగా.